మొదటి కేసు

అమ్మాయి చేతిలోంచి పెన్ను జారి కింద పడింది.

తీయడానికి వంగితే కాగితాలూ పడ్డాయి.

ఎదుటి కుర్చీలో పెద్దాయన నవ్వలేదు. తన కాలి దగ్గరికి దొర్లిన పెన్ను తీసి బల్లమీద పెట్టాడు. కుర్చీని కాస్త పక్కకు తిప్పుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మాయికి కాస్త ఊపిరాడింది.

సోషల్ వర్క్ పీజీ చదివే పిల్ల. కుటుంబ సలహా కేంద్రంలో ఇంటర్న్‌షిప్ పడింది. ఆయన ఆమెకు మొదటి కేసు. అది చెడితే ఇంటర్న్‌షిప్ పోతుంది, చదువు ఏడాది వెనకబడుతుంది.

"మీ... మీ సమస్య..." గొంతు వణికింది.

"ముందు ఇంట్లో ఎవరెవరున్నారో అడుగమ్మా," అన్నాడాయన, కిటికీతో చెబుతున్నట్టు.

"ఎవరెవరున్నారండీ?"

"నేను. ఒక కూతురు. నాతో మాట్లాడదు."

ఆయన ఒళ్ళో పూల గొడుగు ఉంది. ఆడపిల్లలు పట్టుకునే పొట్టి గొడుగు. ఎండైనా వానైనా ఆయన దాన్ని విప్పగా చూసినవాళ్ళు లేరు. కేంద్రంలో అందరూ ఆయన్ని గొడుగాయన అనేవారు.

వారం వారం వచ్చాడు.

అమ్మాయికి మాట పెగిలింది. అడగడం వచ్చింది. ఆయన ఊరుకుంటే తానూ ఊరుకోవడం వచ్చింది. అది అన్నిటికన్నా కష్టం.

"మీ అమ్మాయి నంబరివ్వండి. నేను మాట్లాడతాను," అందొకరోజు.

ఆయన గొడుగు పిడి నిమిరాడు.

"నాతో మాట్లాడిస్తావా?"

"ఎందుకు మాట్లాడదు? కన్నతండ్రి మీద కోపం ఎన్నాళ్ళుంటుందండీ!"

"దానికి కోపం లేదమ్మా," అన్నాడు.

నంబరు మాత్రం ఇవ్వలేదు.

ఆ కూతురితో ఎలా మొదలుపెట్టాలో అమ్మాయి అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసుకుంది. బస్సులో కూడా పెదాలు కదిలేవి. పక్క సీటావిడ పర్సు దగ్గరికి లాక్కుని కూర్చునేది.

ఒక మధ్యాహ్నం సీనియర్‌తో కలిసి క్యారేజీ విప్పింది. సీనియర్ కిందటేడు అక్కడే ఇంటర్న్‌షిప్ చేసి, అక్కడే ఉద్యోగంలో చేరిన మనిషి.

"నీ మొదటి కేసు గొడుగాయనా? సరిపోయింది!" సీనియర్‌కు నవ్వుతో పొలమారింది. "నాకూ ఆయనేనే. ఉన్న ఒక్క కొడుకూ గెంటేశాడని చెప్పి నన్ను ఏడిపించాడు. నా ముందువాడికేమో పెళ్ళాం వదిలేసి పోయిందని చెప్పాడట. ఏటికో కథ! సినిమాలకి రాసుకుంటే బాగుపడేవాడు."

"ఒక్క కొడుకా? మరి కూతురు?"

"కూతురెక్కడిదే! అది ఈ ఏటి కథేమో."

అమ్మాయి క్యారేజీ మూసేసింది. వచ్చే వారం కాలేజీ నుంచి సార్ వచ్చి కేసు చూస్తారు. చూపించడానికి ఉన్నదంతా అబద్ధం. అంతకన్నా, అద్దం ముందు చెప్పుకున్న మాటలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

సాయంత్రం గొడుగాయన వచ్చాడు. గొడుగు కుర్చీకి తగిలించి, అలవాటుగా కుర్చీని పక్కకు తిప్పబోయాడు.

"తిప్పకండి. నా మొహం చూసి చెప్పండి. మీకు కొడుకా, కూతురా?"

ఆయన కుర్చీని తిప్పకుండానే కూర్చున్నాడు.

"ఏటికో కథ చెప్పి మాతో ఆడుకుంటున్నారా? మీకిది కాలక్షేపం. నాకు చదువండీ! అసలు మీకు కూతురుందా?"

ఆయన ఆమె మొహంలోకే చూశాడు.

"లేదమ్మా."

"అయితే ఇంకెప్పుడూ ఇక్కడికి రాకండి."

లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇప్పుడు గొంతు వణకడం లేదు నీకు. ఇక ఎవరొచ్చినా ఫర్వాలేదు," అన్నాడు.

అది ఆమెకు వెటకారంలా వినిపించింది.

అదే ఊపులో కేంద్రం నడిపే పెద్దమేడం గదిలోకి వెళ్ళింది.

"గొడుగాయన్ని పంపించేశాను మేడం. అంతా నాటకం. కూతురు మాట్లాడదన్నాడు. నిలదీస్తే అసలు కూతురే లేదట!"

పెద్దమేడం చేతిలో టీ కప్పు మధ్యలో ఆగింది.

"కూతురి మాట ఎత్తాడా? నీ దగ్గర?"

"ఎత్తాడు మేడం."

"ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా ఎత్తలేదే..."

చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దమేడం వీధిలోకి పరుగెత్తింది. అమ్మాయి వెనకాలే వెళ్ళింది. బస్టాపులో ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి పూల గొడుగు కుర్చీకే వేలాడుతోంది.

"మర్చిపోయాడు మేడం. దీనికోసమైనా మళ్ళీ వస్తాడు."

"మర్చిపోయే వస్తువు కాదది. ఇక రాడు."

పెద్దమేడం గొడుగును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇది ఆయనది కాదమ్మా. నీలాగే ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒక పిల్లది. నీ కుర్చీలోనే కూర్చునేది. మొదటి కేసు నేనే ఇచ్చాను. మాట్లాడడానికి ఇంటికెళితే ఆ ఇంటివాడు దాన్ని వీధిలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. వణుక్కుంటూ వచ్చింది. ఈ మాత్రానికే ఏడిస్తే ఈ పనికి పనికిరావు పొమ్మన్నాను. గొడుగు ఇక్కడే వదిలేసి పోయింది. ప్రాణంతో ఇంటికి చేరలేదు."

అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది.

"ఈ గొడుగు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆ పిల్ల తండ్రి, బెదిరిపోయే పిల్లలు ఎవరొచ్చినా మొదటి కేసుగా నన్నే ఇవ్వండమ్మా అని బతిమాలుకుని, ఏటికో కష్టం కల్పించుకుని ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు."