గొంతులో ముద్దాయి

ఈసారి ఇస్త్రీపెట్టె ఎగిరొచ్చింది. ఆమె తల వంచడంతో భుజానికి తగిలింది. అంతకుముందు కుర్చీ, దానికి ముందు బెల్టు. ఆ మహానుభావుడికి చేతికందిన వస్తువల్లా ఆయుధమే.

సంగతి తెలిసి ఆమె తమ్ముడు ఊగిపోతూ వచ్చాడు. వచ్చీ రాగానే బావ కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు.

"మా అక్క మీద చెయ్యెత్తుతావా? పద పోలీస్‌స్టేషన్‌కి!"

"కొట్టింది నేను కాదు బామ్మర్దీ!" మందుల షాపు నడిపే ఆ బావ భోరుమన్నాడు. "నా గొంతులో థైరాయిడ్ గ్రంథి రెచ్చిపోయింది. రక్తపరీక్ష చేయించాను. కావాలంటే రిపోర్టు చూడు."

"నీ కాగితం ఎవడికి కావాలి? రేపు నా కళ్లముందే మళ్లీ రక్తం ఇవ్వు. తేడా వచ్చిందో, అక్కను తీసుకుపోతా."

మర్నాడు ల్యాబులో సూది పట్టుకున్న అమ్మాయి అడిగింది. "జుట్టు పెరగడానికి మాత్రలేమైనా వాడుతున్నారా సార్? వాటివల్ల ఈ రిపోర్టు తప్పుగా రావచ్చు."

అతను నున్నటి బట్టతల నిమురుకున్నాడు. "ఈ తలకా అమ్మా?"

అందరూ నవ్వారు, మండిపడుతున్న తమ్ముడితో సహా.

రిపోర్టు మళ్లీ అలాగే వచ్చింది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

"టీఎస్‌హెచ్ అంటే పనిచెయ్యమని గ్రంథికి పైనుంచి వచ్చే హుకుం. గ్రంథి అతిగా పనిచేస్తే ఆ హుకుం ఆగిపోతుంది. ఈయనకి టీఎస్‌హెచ్ అట్టడుగున ఉంది, గ్రంథి తయారుచేసే టీ4 పైకెక్కి కూర్చుంది. చిరాకు, కోపం దానివల్ల కూడా రావచ్చు. మాత్రలు రాస్తున్నాను."

తమ్ముడు చల్లబడ్డాడు. ఇన్నాళ్లూ జబ్బుమనిషిని తిట్టుకున్నానే అని ఆమెకు ఏడుపొచ్చింది.

తర్వాత ఒకరోజు తలుపు సందులో ఆమె వేళ్లు నలిగాయి. నలిపింది అతనే. జారిపడ్డానని తమ్ముడికి ఫోన్లో చెప్పింది. పరీక్ష చేయించిన ప్రతిసారీ "ఇంకా తగ్గలేదే" అంటూ అతను దిగులుగా రిపోర్టు చూపించేవాడు. ఆమే ఓదార్చేది.

"మాత్ర వేసుకున్నారా?"

"షాపులోనే వేసుకున్నా."

ఇవాళ కుక్కర్ మూత ఆమె నుదుటిని చీల్చింది. అతను తలుపు ధడాలున వేసి బయటికి వెళ్లిపోయాడు. అదిమిపెట్టిన తువ్వాలు నెత్తురుతో తడిసి ముద్దయింది. దూది కోసం ఆమె అతని షాపు సంచీని నేలమీద కుమ్మరించింది.

దూదితోపాటు, డాక్టరమ్మ రాసిన థైరాయిడ్ మాత్రలు అట్ట చింపకుండా అలాగే బయటపడ్డాయి; ఖాళీ అయిన అట్టలన్నీ మాత్రం జుట్టు పెరగడానికి వేసుకునే మాత్రలవి.