మూడో కొటేషన్

అత్తయ్య పెరటి మెట్ల దగ్గర తూలింది. నెలలో ఇది మూడోసారి.

చీకటి వల్లే అని కొడుకు తేల్చేశాడు. తోటలో లైట్లు పెట్టిద్దామన్నాడు.

"నా కళ్ళ పవరు పెరిగితే మీ కరెంటు బిల్లు పెరుగుతుందన్నమాట," అంది అత్తయ్య.

లెక్కలు కోడలి మీద పడ్డాయి. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి, వెంటనే ఎక్సెల్ తెరిచింది.

సోలార్‌వి చవక, మబ్బు పడితే ఒట్టి బొమ్మలు. వైరువి నయమే గానీ, వైరు పూడ్చే కూలి లైట్ల ధరని మించిపోతోంది.

శుక్రవారం మూడు షాపులవాళ్ళని రమ్మంది.

మొదటివాడు పన్నెండు లైట్లన్నాడు. రెండోవాడు ఇరవై రెండన్నాడు, ఒక్క నిమ్మచెట్టుకే నాలుగు.

మూడోసారి గేటు చప్పుడయ్యేసరికి ఆమె మీటింగులో ఉంది. పక్కింట్లో రిపేర్లు, సుత్తి మోతకి ఎవరి మాటా వినపడట్లేదు. చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే తలుపు తీసింది.

ఒక ముసలాయన.

"లైట్లకేగా? పెరట్లోకెళ్ళి చూడండి."

ఆయన ఏదో చెప్పబోయి, ఊరుకుని, పెరట్లోకి నడిచాడు. చెట్ల వంక చూడనేలేదు. మెట్ల పక్కన చతికిలబడి ఒక్కో మెట్టునీ వేళ్ళతో కొలిచాడు.

టేపు కూడా లేని ఎలక్ట్రీషియన్, అనుకుంది.

"లైట్లు దండగమ్మా. ఈ మెట్టు చూశావూ..."

"మెట్ల సంగతి తర్వాత బాబాయ్‌గారూ, మీటింగులో ఉన్నా. మీదెంతవుతుందో రాసిచ్చెయ్యండి."

కాగితం, పెన్ను ఆమే ఇచ్చింది. ఆయన గుమ్మంలో కూర్చుని నిదానంగా రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చి వెళ్ళాడు.

లైట్లు అమ్ముకోవడానికొచ్చి లైట్లు దండగనేవాడు ఏం వ్యాపారం చేస్తాడు? విప్పకుండానే ఫ్రిజ్ మీద పడేసింది. సాయంత్రం మూడో షాపు నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఎలాగూ వద్దనుకుంది కదా, ఎత్తలేదు.

పన్నెండు లైట్లకి ఆర్డరిచ్చింది. బిగించేసరికి రెండు వారాలు పట్టింది. ఈలోగా పక్కింటి పని కూడా అయిపోయి వీధి సద్దుమణిగింది.

తోట పట్టపగల్లా వెలిగింది.

మూడో రోజే అత్తయ్య పడింది. చీలమండ విరిగింది.

"లైట్లు బాగానే ఉన్నాయే," అంది కట్టు కట్టించుకుంటూ. "ఈసారి పడ్డం స్పష్టంగా కనపడింది."

కోడలికి నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి, అత్తయ్య కాలికి ఐస్ తీద్దామని ఫ్రిజ్ తలుపు లాగితే పైనుంచి మడతల కాగితం జారిపడింది. విప్పింది. అందులో ధర లేదు, ఫోన్ నంబరూ లేదు.

"అమ్మా, మూడో మెట్టు రెండు వేళ్ళు ఎత్తెక్కువ. గోడ మీంచి చూశాను, పెద్దమ్మ అక్కడే తూలుతోంది, ఆవిడ కళ్ళ తప్పు కాదు. పక్కింట్లో పని అయ్యేదాకా ఇక్కడే ఉంటా, ఒక్క కేకెయ్యి, పూటలో సరిచేస్తా. కూలి వద్దు, పదకొండేళ్ళ కింద ఆ మెట్టు కట్టిన మేస్త్రీని నేనే."