మొరాయించే తుపాకి

“రివాల్వర్,” అన్నాడు ఏసుదాసు.

“పిస్టలని చెప్పుండ్రి సార్,” అంది సింధుజ.

ఆ ఉదయం ఆ వరండాలో ఈ రెండు మాటలూ ఇప్పటికే చాలాసార్లు అటూ ఇటూ తిరిగాయి.

పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి, తుడిచి, బిగించి, తల నెరిశాక రిటైరయిన మనిషి ఏసుదాసు. వికారాబాదు చుట్టుపట్ల లైసెన్సు ఉన్నవాళ్లు ఆయన్ని అడగనిదే తుపాకి కొనరు. తక్కిన ఏ విషయంలోనూ ఆయన మాటను భార్య మార్త సైతం లెక్కచేయదు. తుపాకుల దగ్గర మాత్రం ఆయన మాటే శాసనం.

సింధుజ తాండూరు నుంచి పొద్దుటి రైలుకు వచ్చింది. ఆమె భర్త పరమేశ్‌కు అక్కడ నాపరాళ్ల క్వారీ ఉంది. తండ్రి బీరన్న నాటి రివాల్వర్ పాతబడిందని అమ్మేసి, కొత్త తుపాకి కొనడానికి అతడు ఆ రోజే హైదరాబాదు వెళ్లాడు. దుకాణంలో నిలబడి ఏసుదాసుకు ఫోన్ చేస్తాడు. ఆయన ఏది కొనమంటే అది కొంటాడు. ఆ ఫోన్ వచ్చేలోగా ఏసుదాసు మనసు మార్చాలని సింధుజ పట్టుదల.

“నేనొచ్చిన సంగతి ఆయనకు చెప్పకుండ్రి సార్. పెండ్లాం మాట మీద తుపాకి కొన్ననని నామోషి పడ్తడు.”

“అది సరే బిడ్డా. అసలు భయం ఎవరితోని? క్వారీ హద్దు పంచాదా?”

ఆమె సూటిగా జవాబివ్వలేదు. “పెద్దమనుషుల్ల పెట్టినం. సర్దుకపొమ్మన్నరు. ఇగ పాణమన్న దక్కాలె గద సార్.”

క్వారీల వాళ్లకు తగాదాలు కొత్త కావు. ఏసుదాసు తల పంకించాడు. ఒక ప్రాణం తన మాట మీద ఆధారపడి ఉందన్న సంగతి ఆయన్ని గంభీరుణ్ణి చేసింది. కొంచెం సంతోషపెట్టింది కూడా.

“మీ మామ రివాల్వర్ ఎన్నడన్న మోసం చేసిందా?”

“లేదు సార్. పరమేశ్ రెండు మాట్లు పేల్చిండు. రెండు మాట్లు పేలింది. గోడకు గుర్తులున్నయి.”

ఆ మాటను ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టుగా అంది. ఏసుదాసు దాన్ని పట్టించుకోలేదు.

“సూసినవా! రివాల్వర్ ఎడ్డిది, కాని నమ్మకమైంది. తూటాలు నింపి బీరువాల పెట్టి ఏండ్లకేండ్లు మరిచిపో. నొక్కంగనే పేలుతది. ఒకటి పేలకుంటె మల్ల నొక్కు, ఇంకోటి తయారుగ ఉంటది. పిస్టల్ గట్ల కాదు. దానికి సేవ చెయ్యాలె. దుమ్ము గిట్టదు.”

“మా ఇంట్ల మస్తు దుమ్ము సార్! బండలు పాలిష్ పట్టే మిషన్లు ఇంటెనకనే ఉన్నయి.” ఆమె ముఖం వెలిగింది.

ఆ వెలుగు ఎందుకో తెలియక ఏసుదాసు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“దుమ్ము పడితె మొరాయిస్తది బిడ్డా. కాల్చిన తూటా డొల్ల బయటికి రాక మధ్యల ఇరుక్కుంటది.”

“ఇరుక్కుంటె?”

“ఇంకేముంది? దాన్ని తీసేదాంక అది తుపాకి కాదు, ఇనుపముక్క.”

“మంచిగున్నది,” అంది సింధుజ.

చాయ్ తెచ్చిన మార్త ఫక్కున నవ్వింది. “ఏమయ్యా, ఆమెకు నచ్చిందే చెప్పరాదు? ఇన్నేండ్లు తుపాకులు తుడిసినవు. ఒక్కదాంతోనన్న కాకిని కొట్టినవా?”

“కొట్టేటోనికి ఒక్క తుపాకే తెలుస్తది. తుడిసేటోనికి అన్ని తెలుస్తయి. నువ్వు లోపలికి నడువు.”

మార్త నడవలేదు. అక్కడే గడపకు ఆనుకుని నిలబడింది.

చివరికి ఏసుదాసు తన అమ్ములపొదిలోని ఆఖరి బాణం తీశాడు.

“పరమేశ్ ఎడమచెయ్యి బండ కింద నలిగింది గద? పిస్టల్ పేల్చాలంటె ముందుగాల దాని పైభాగాన్ని ఎనకకు గుంజి ఇడ్వాలె. రెండు చేతులు గావాలె. గా చేత్తోని ఎట్ల గుంజుతడు?”

“గుంజలేడా సార్?”

“తిప్పలు పడి గుంజుతడు. అప్పటికి ఎదుటి మనిషి బజారు దాటుతడు.”

“నిజంగ దాటొచ్చా?”

“దాటకుండ నిలవడి సూస్తడా? కొందరు మొండోళ్లు ముందే గుంజి, తూటా ఎక్కిచ్చి పెట్టుకుంటరు. మస్తు ప్రమాదం. గా ముచ్చట నేనెవ్వరికి చెప్ప.”

“ఆయనకు అసలే చెప్పకుండ్రి సార్,” సింధుజ రెండు చేతులూ జోడించింది.

ఏసుదాసుకు ఓపిక సన్నగిల్లింది. తాను ఏకరువు పెట్టిన లోపాలన్నిటినీ ఈ పిల్ల నగల్లా ఏరి కొంగున ముడి వేసుకుంటోంది!

ఫోన్ మోగింది. సింధుజ చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకుంది.

“సార్, రెండు తీసి ముందర పెట్టిండ్రు. ఏది తీసుకోమంటరు?” పరమేశ్ గొంతు వరండా అంతటా వినిపించింది.

“ఒక్క నిమిషం ఆగు పరమేశ్.” ఏసుదాసు ఫోన్‌ను అరచేత్తో గట్టిగా మూశాడు. గొంతు తగ్గించాడు. “ఆఖరుసారి అడుగుతున్న బిడ్డా. నా మాట మీద ఒక పాణం ఉన్నది. రేపు అవసరానికి అది మొరాయిస్తె ఎదురుంగ ఉన్నోడు ఊకుంటడా? అసలు గా ఎదురుంగ ఉన్నోడెవడు? అదన్న చెప్పు.”

సింధుజ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“ఇన్నేండ్లల్ల ఆయన తుపాకి ముందర నిలవడ్డది నేనొక్కదాన్నే సార్.”