సుద్దబిళ్ళ ఎవరి వంతు?

"ఆపేస్తారా? ఎందుకాపేస్తారు?"

సెలూనాయన పెళ్ళాం దిగ్గున లేచింది. ఆ లేవడానికి కుర్చీ వెనక్కెళ్ళి గోడకి కొట్టుకుంది.

"కూర్చోండమ్మా," అంది డాక్టరమ్మ.

"నాకు కూర్చోబుద్ధి కావట్లేదు. చేతులు వణికీ వణికీ, మా ఆయన సెలూన్లో కుర్చీ ఎక్కే నాథుడే లేకుండాపోయాడు. 'నీ కత్తికి గొంతు అప్పజెప్పే ధైర్యం మాకు లేదయ్యా' అని మొహం మీదే అనేవాళ్ళు. అట్లాంటి మనిషి మొన్న మా తమ్ముడికి గడ్డం గీశాడు. చిన్న గాటు కూడా పడలేదు. పూటపూటా పొట్లం విప్పి నా చేత్తో వేశాను మాత్ర. ఒక్క పూట తప్పనివ్వలేదు. ఇప్పుడొచ్చి మందు పనిచెయ్యట్లేదంటే ఎట్లా?"

"మీ తమ్ముడిది గట్టి గుండే," అని నవ్వబోయి ఊరుకుంది డాక్టరమ్మ. ఆవిడ మొహం కూడా పీక్కుపోయి ఉంది. "మీ ఆయనకి తగ్గలేదని నేననలేదమ్మా. తగ్గిన మాట నిజమే. వేలికి పట్టీ కట్టి మిషన్లో వణుకు చూస్తాం గదా, అందులో గీత మొదట్లో ఎలక పరిగెత్తినట్టుండేది. ఇప్పుడు చీమ నడిచినట్టుంది."

"మరింకేం?"

"ఇది కొత్త మందుకి పరీక్షని మొదట్లోనే చెప్పాను మీకు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త సుద్దబిళ్ళ. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరి సీసాలో ఏముందో నాక్కూడా చెప్పరు. ఎవరికేది ఇచ్చారో రాసిపెట్టిన కవర్లు ఈ పొద్దునే విప్పారు."

"మా ఆయనకి సుద్ద పడిందా?"

"లేదు. మీ ఆయన సీసాలో అసలు మందే."

"హమ్మయ్య! చెప్పరేం మరి!"

"వినండి ముందు. అసలు మందు వాళ్ళకి వణుకు తగ్గింది. సుద్ద వాళ్ళకీ అంతే తగ్గింది. ఊరికే తగ్గితే చాలదమ్మా. సుద్ద కంటే మందుకి లెక్కలోకొచ్చేంత ఎక్కువ తగ్గాలి. ఆ తేడా లేకపోతే మందు దండగే అంటారు. సాయంత్రానికి పెద్దవాళ్ళు సంతకం పెట్టేస్తారు. ఇక ఆ మాత్ర తయారే చెయ్యరు."

"సుద్ద తింటే వణుకు తగ్గుతుందా? అట్లా అయితే బళ్ళో మాస్టార్లకి ఏ రోగమూ రాకూడదే!"

"మందు మింగుతున్నామన్న నమ్మకానికే ఒక్కోసారి కాస్త తగ్గుతుంది. కానీ ఇంత తగ్గడం, అదీ అందరికీ తూకం వేసినట్టు..." డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "నాకే మింగుడు పడట్లేదు."

సెలూనాయన పెళ్ళాం వరండాలోకొచ్చి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆ చివర కిటికీ దాకా పోవడం, రావడం. కిటికీ రెక్క మూసింది, మళ్ళీ తీసింది. చేతిసంచి ఈ భుజం నించి ఆ భుజానికి మార్చుకుంది. మందాగితే వణుకు తిరిగొస్తుంది. వణుకొస్తే కత్తి పెట్టెలోకి పోతుంది. కత్తి పెట్టెలోకి పోతే ఆ మనిషి మంచంలోకి పోతాడు. ఆమెకి అంతే తెలుసు, అంతకన్నా తెలియక్కర్లేదు.

బెంచీల మీద మాత్రం నవ్వులు. వణుకు వాళ్ళందరూ వారంవారం చేరే చోటది. మధ్యలో పెద్దమ్మ. అందరికంటే పెద్దది గాబట్టి ఆ బెంచీలకి ఆవిడే మహారాణి. బిస్కెట్లు విరిచి పంచుతోంది.

"విరవడానికి నాకేం కష్టం లేదే, చేతిలో పెడితే అదే విరుగుద్ది," అంటోంది.

సెలూనాయన పగలబడి నవ్వుతున్నాడు. పెళ్ళాన్ని చూసి, "ఏమే, తద్దినం పెట్టొచ్చినట్టు ఆ మొహమేంటి?" అన్నాడు.

"నవ్వయ్యా, నవ్వు. మందాపేస్తున్నారంట."

పెద్దమ్మ చేతిలో బిస్కెట్ ముక్క పక్కన పెట్టేసింది.

"అదేంటే పిల్లా? నాకు తగ్గిందిగా! నిన్న చెంచాతో చారు తాగాను, చుక్క వొలకలా."

"తగ్గిందనే ఆపుతున్నారు పెద్దమ్మా."

"ఇదెక్కడి చోద్యమే!"

"అందరికీ ఒకేలా తగ్గిందంట. అది తప్పంట."

ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. ఎవరి కళ్ళలోకీ చూడకుండా, "అందరూ మిగిలిన మాత్రలు తిరిగిచ్చెయ్యాలి. ఎవరి సీసా వాళ్ళు పేరు చూసి ఇవ్వండి," అంది.

సెలూనాయన పెళ్ళానికి అప్పుడు తట్టింది. సీసా? ఇంటికెప్పుడూ కాయితం పొట్లమేగా వచ్చింది!

"ఏమయ్యా, మన సీసా ఏది?"

ఆయన తల గోక్కుని పెద్దమ్మ వైపు చూశాడు. ఆయన పక్కన కూర్చున్న బస్సు తోలే ఆయనా పెద్దమ్మ వైపే చూశాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా అటే చూశారు.

పెద్దమ్మ వంగి, బెంచీ కిందనించి ఇంత పెద్ద రేకు డబ్బా బయటికి లాగి మూత తీసింది. సగం దాకా తెల్లటి మాత్రలు.

"సీసాలెక్కడున్నాయి తల్లీ," అంది డాక్టరమ్మతో. "ఒకరి నోట్లో మందూ ఒకరి నోట్లో సుద్దా అదేం న్యాయమని, మొదటి వారం నించీ అందరివీ ఇందులో పోసి, కలిపేసి, పొట్లాలు కట్టి సమానంగా పంచుతున్నాను గదా!"