మాదే ఉంచు

"ఆ ముసలాయన వచ్చేశాడు," అన్నాడు బరాసా, తలుపు సందులోంచి చూస్తూ.

నంజాలా తలెత్తలేదు. మధ్యాహ్నం పన్నెండుకల్లా యాప్ కొత్త కూర్పు కిసుము నగరం చుట్టుపక్కల తొంభై క్లినిక్‌లకు వెళ్ళాలి. పిల్లల బరువు చూసి మలేరియా సూది మందు ఎంత వేయాలో చెప్పే యాప్ అది. అప్పటికే పదకొండు దాటింది.

"ఏ ముసలాయన?"

"ఒచోలా. రోజూ మెసేజ్‌లు పెట్టి చంపుతాడే, ఆయనే. రిటైరయ్యాక ఊసుపోక కోడింగ్ నేర్చుకున్నట్టున్నాడు. ఇప్పుడు మటాటు బస్సెక్కి ఏకంగా ఇక్కడికే దిగాడు."

ఆ యాప్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. బయటివాళ్ళెవరైనా మార్పు రాసి పంపొచ్చు. చేర్చుకోవడం మాత్రం నంజాలా చేతిలో పని.

ఒచోలా విడిగా రాసి పంపిన మార్పు, అదే ఆయన బ్రాంచ్, వచ్చి ఎనిమిది నెలలైంది. ప్రతిసారీ ఆమె జవాబు ఒకటే, "రీబేస్ చేసి పంపండి." అంటే నారు పీకి కొత్త మడిలో నాటినట్టు, ఆయన తన మార్పును తాజా కోడ్ మీదికి తెచ్చుకోవాలి. తెచ్చుకునేలోగా వీళ్ళ కోడ్ మళ్ళీ మారిపోయేది. పదకొండుసార్లు చేశాడు పాపం. ఒక్కసారి కూడా ఆమె తెరిచి చదవలేదు.

ఒచోలా లోపలికొచ్చి పాత లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు.

"నలభై మూడు కాన్‌ఫ్లిక్ట్‌లున్నాయమ్మా. అరగంట నా పక్కన కూర్చో. ఎవరి వరుస ఎందుకుండాలో మాట్లాడుకుంటూ ఇద్దరం తీసేద్దాం."

కోడ్‌లో ఒకే వరుసను ఇద్దరు చెరో రకంగా మారిస్తే యంత్రం ఆగిపోయి, ఎవరిది ఉంచాలని అడుగుతుంది. నలభై మూడు చోట్ల అడుగుతోంది.

"అరగంటా!" బరాసా నవ్వాడు. "పెద్దాయనా, మాకిక్కడ ఊపిరి పీల్చుకోడానికే టైం లేదు."

"చిన్న మార్పే నాయనా. సూది వేసేముందు, ఈ పిల్లకి ఇవాళ ఇంకెక్కడైనా వేశారా అని అడగాలి. జవాబు చెప్పందే మోతాదు చూపించకూడదు. అంతే."

"అంత చిన్నదైతే వచ్చే నెల చూద్దాం లెండి," అంది నంజాలా.

"మరి ఈ నెల పిల్లలో?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన కదిలేలా లేడు.

"సరే, నేనే చేసేస్తా. మీరు చాయ్ తాగండి."

ఆయన బయట కూర్చుని మందాజీ బూరె తుంచుకుంటూ ఉండగా, ఆమె ఒకే ఒక్క ఆజ్ఞ కొట్టింది. మొత్తం మాదే ఉంచు.

నలభై మూడూ ఒక్క దెబ్బతో పోయాయి. ఆయన రాసిన వరుస ఒక్కటీ లోపలికి రాలేదు. మార్పుల చరిత్రలో మాత్రం ఆయన పేరు ఎక్కింది. పక్కన ఊదారంగులో 'మెర్జ్ అయింది', అంటే కోడ్‌లో కలిసిపోయింది, అని పడింది.

పని ఒత్తిడి తగ్గాక సరిగ్గా చేద్దామని నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా.

"ఇంత తొందరగానా?" ఆశ్చర్యపోయాడు ఒచోలా.

"మాకు అలవాటేనండీ."

ఆయన తెరకు మొహం ఆనించి ఆ మాటను రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. లాప్‌టాప్ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నంజాలా మనసు చివుక్కుమంది. ఇంతలో బరాసా "పన్నెండవుతోంది!" అని అరిచాడు. ఆ తర్వాత ఇంకో పని, దాని వెనక ఇంకోటి. నోట్‌బుక్‌లో ఆ పేజీ మళ్ళీ తెరవలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక క్లినిక్ నర్సు నుంచి ఉత్తరం వచ్చింది.

"నాలుగేళ్ళ పిల్లకు ఒకేరోజు రెండుచోట్ల మలేరియాకి క్వినైన్ సూది పడింది. ప్రాణం దక్కింది. చూపు పోయింది. వేరేచోట వేశారా అని యాప్ అడుగుతుందని మీరు పంపిన కొత్త మార్పుల జాబితాలో ఉంది. దాన్ని నమ్మి నేను నోటితో అడగలేదు. మీ యాప్ ఎందుకు అడగలేదు?"

బరాసా మొహం పాలిపోయింది. "ఆ జాబితా మనం రాసింది కాదే!"

నిజమే, ఎవరూ రాయలేదు. మెర్జ్ అయినవాటి పేర్లు ఏరుకుని యంత్రమే తయారుచేస్తుంది. అందులో ఏడోది ఒచోలా మార్పు.

నంజాలా ఆ బ్రాంచ్‌ను మొదటిసారి తెరిచింది. వంక పెట్టడానికేమీ లేదు. చదవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నిజం చెప్పి క్షమించమని అడగాలని ఫోన్ చేసింది. ఒచోలా కోడలు ఎత్తింది.

"నంజాలా అంటే మీరేనా! మామయ్య మీ పేరే తలుచుకునేవారు. ఆయన పోయి ఆరు వారాలైందమ్మా."

నంజాలా తెర మీద ఇంకా తెరిచే ఉన్న ఆ బ్రాంచ్ వైపు చూసింది.

"నిశ్చింతగా పోయారు. తొంభై క్లినిక్‌లలోనూ అది అడుగుతోంది, ఇక భయం లేదని మా అందరికీ ఫోన్‌లో ఆ ఊదారంగు మాట చూపించేవారు."

"ఆయన... ఏం పని చేసేవారండీ?"

"మా ఊరి డిస్పెన్సరీలో ముప్పై ఏళ్ళు సూదులు వేశారు. మీకెప్పుడూ చెప్పలేదా?"

"లేదు."

"ఒకరోజు జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి మా తమ్ముడు మా పుట్టింటి నుంచి తీసుకొచ్చాడు. పొద్దున్నే అక్కడ సూది వేయించారని తమ్ముడికీ తెలీదు, మామయ్యకీ తెలీదు. పిల్లాడు దక్కలేదు. మర్నాడే ఉద్యోగం మానేసి కంప్యూటర్ కొన్నారు."

"ఆ పిల్లాడు ఎవరండీ?"



"మామయ్య తన చేత్తో ఆ రెండో సూది వేసింది నా కొడుక్కేనమ్మా."