వెచ్చటి గది

పసిపిల్లల ఆహారం సరుకు వచ్చినప్పుడల్లా సగం సీసాలు ఈ ల్యాబుకి, సగం పొరుగు ల్యాబుకి పంపుతారు. వాటిని పది రోజులు వెచ్చటి గదిలో ఉంచి చూడాలి. ఏ మూతైనా ఉబ్బితే లోపల బాక్టీరియా పెరిగినట్టే. సీసాలు లోపల పెట్టించి తాళం వేయించడమే తప్ప, ఇక్కడి పరీక్షాధికారి మూడేళ్లుగా ఆ గదిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు. పొరుగు ల్యాబు రిపోర్టు చూసి, ‘దోషం లేదు’ అని రాసి చేతులు దులుపుకునేవాడు.

ఆ రాత్రి ఆఫీసులో ఒక్కడే ఉండగా పొరుగు ల్యాబు అధికారిణి ఫోన్ చేసింది.

“రేపు తనిఖీకొస్తున్నారటండి. మీరు సీసాలు చూసే రాస్తున్నారు కదా? మేం మీ రిపోర్టు చూసి రాసేస్తున్నాం.”

అతను వెచ్చటి గది తలుపు వైపు చూశాడు.

“నేను మీది చూసి రాస్తున్నానండీ.”

మరి మొట్టమొదట రాసిందెవరు? అతను ఫోన్ పెట్టేశాడు. తాళం వేసిన గదిలో ఏదో టప్‌మంది. కాసేపటికి ఇంకొకటి.

తాళంచెవి కోసం సొరుగులన్నీ వెతుకుతుంటే కూతురు ఫోన్ చేసింది.

“నాన్నా, నువ్వు తెచ్చిన సీసా మూత కాస్త ఉబ్బినట్టుంది. నువ్వు పరీక్ష చేసిందే కదా అని బాబుకి పెట్టేశాను.”

“వాడేం చేస్తున్నాడమ్మా?”

“పడుకున్నాడు. ఇవాళ ఎందుకో అసలు ఏడవనే లేదు.”