కెమెరా సాక్ష్యం

“ఊగింది ఇల్లు కాదు తమ్మీ, నీ చెయ్యి” అన్నాడు జగదీశ్వర్ సార్.

గోదావరిఖని చుట్టుపక్కల లెక్కలేనన్ని పెళ్లిళ్లు తీసిన చెయ్యి అది. ఇంతవరకు దాన్ని ఎవరూ మాట అనలేదు. కిషన్‌కు తల కొట్టేసినట్టయింది.

ఓపెన్‌కాస్టు గనిని ఆనుకుని ఉన్న వాడ వాళ్లది. గనిలో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగు చేస్తుంది. సైరన్ మోగుతుంది. ఆ వెంటనే ఇళ్లన్నీ ఒక్క ఊపు ఊగుతాయి. కిషన్ ఇంటి గోడ పగులులో ఇప్పుడు చెయ్యి దూరుతుంది. పురిటికి పుట్టింటికి పోయిన అతని భార్య శోభ, పసిపిల్లను ఆ గోడ పక్కన పడుకోబెట్టేది లేదని ఖరాఖండిగా చెప్పేసింది. కూతురికి బోర్లా పడటం కూడా వచ్చిందట. కిషన్ అది ఫోన్లోనే చూశాడు.

ఇళ్లు ఊగుతున్నాయని రుజువు చూపిస్తే వేరే చోట కట్టించి ఇస్తామంది కంపెనీ. ఆ రుజువు కోసమే కిషన్ వీడియో తీశాడు. దాన్ని చూసి సంతకం పెట్టాల్సింది కంపెనీ ఆఫీసరు జగదీశ్వర్ సార్.

సార్ మర్యాదస్తుడు. వాడవాళ్లందరికీ కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు. ఆయన గది గోడల నిండా పక్షుల ఫోటోలు. అన్నీ తానే తీశాడట. కిషన్ కెమెరాను చేతిలోకి తీసుకుని, దవాఖానలో చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

“పాపం, దీనికి వయసైపోయింది. మంచి కెమెరా తెచ్చి, స్టాండు మీద పెట్టి తియ్యండి. అప్పుడు చెయ్యి వణికిందని నేను అనలేను. అందులో ఇల్లు ఊగితే ఆ రోజే సంతకం పెడతాను. ఊగకపోతే మాత్రం మళ్లీ ఈ మాట ఎత్తకూడదు. సరేనా?”

“గంతకంటె ఇంకేం గావాలె సార్” అన్నాడు వాడకు పెద్దమనిషి రాయమల్లు.

అందరూ దండాలు పెట్టి బయటికొచ్చారు. పక్షుల ఫోటోల దగ్గర ఆగిపోయిన కిషన్ మాత్రం కాసేపటికి వచ్చాడు. ముఖం విప్పారి ఉంది.

“ఆఫీసరంటె గిట్లుండాలె” అన్నాడు రాయమల్లు దారిలో. ఎవరూ కాదనలేదు.

మర్నాడు కిషన్ కరీంనగర్ పోయాడు. పాత కెమెరా పోయింది, బైకు పోయింది, కొత్త కెమెరా వచ్చింది. షాపతను ఇంకేవో చూపించబోయినా వినలేదు. ఇదే కావాలని వేలు పెట్టి చూపించి మరీ తెచ్చుకున్నాడు.

ఇంటికి రాగానే తల్లి సారవ్వను ఫోటో తీసి చూపించాడు.

“నా మొకంల గిన్ని ముడతలున్నయారా?” అందామె.

“ఉన్నదున్నట్టు చూపిస్తదవ్వా. అబద్ధం చెప్పదు.”

“గట్లయితె నా కోడలు ఇంటికొస్తది” అంది సారవ్వ.

మరుసటి రోజు సైరన్ వేళకు వాడంతా కిషన్ వాకిట్లో చేరింది. కొత్త కెమెరా ఇంటి నడుమ స్టాండు మీద పెళ్లికొడుకులా కూర్చుంది. కిషన్ దాన్ని ఆన్ చేసి బయటికొచ్చి, ఇందులో తన చెయ్యి లేదని అందరూ చూడాలన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు దెబ్బ మామూలుది కాదు. ఇల్లు ఊగింది. గూట్లో గ్లాసు కింద పడింది. పగులులోంచి మట్టి రాలింది. సారవ్వ దర్వాజా పట్టుకుని నిలదొక్కుకుంది. జనం ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. సొంత ఇళ్లు ఊగినందుకు అంత సంబరపడటం వాళ్లకు అదే మొదలు.

ముట్టుకుంటే ఏదో మార్చారంటారని కిషన్ వీడియో కూడా చూసుకోలేదు. కెమెరాతో సహా అందరూ నేరుగా సార్ ఆఫీసుకు పోయారు.

సార్ దాన్ని పెద్ద టీవీకి కలిపి అందరి ముందూ వేశాడు. సైరన్ వినిపించింది. దెబ్బ వినిపించింది. గ్లాసు పడింది. గోడలు మాత్రం ఇంచు కదల్లేదు. సార్ మళ్లీ వేశాడు. మళ్లీ కదల్లేదు.

“గిలాస పడ్డది గద సార్” అంది సారవ్వ.

“పిల్లి తోక తగిలినా పడుతుందమ్మా” అన్నాడు సార్ మెత్తగా.

మాటంటే మాటే. ఇళ్లు ఊగడం లేదని రాసి సంతకం పెట్టాడు. అందరికీ మళ్లీ చాయ్ తెప్పించాడు. ఎవరూ తాగలేదు.

“బైకు అమ్మి తెచ్చింది గీ డబ్బనారా?” అన్నాడు రాయమల్లు. కిషన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

అక్కడి నుంచి అటే కరీంనగర్ బస్సెక్కి, కెమెరాను షాపతని ముందు పెట్టాడు.

“ఇది ఖరాబున్నదన్నా. ఇల్లు ఊగుతె ఊగినట్టు తీస్తలేదు.”

షాపతను వీడియో చూశాడు. జరిగిందంతా విన్నాడు. నవ్వాలో వద్దో తేలలేదు.

“ఖరాబు గాదన్నా, దీని గొప్పతనమే గది. కుదుపంత మింగేస్తది. గుంతల రోడ్డు మీద ఆటోల కూసోని తీసినా బొమ్మ కదలదు. గా సెట్టింగు బంద్ జేసి తీస్తె అయిపాయె.”

“ఇగ ఎందుకన్నా. సంతకం అయిపోయింది.”

అద్దాల బీరువాలో కిషన్ పాత కెమెరా అమ్మకానికి పెట్టి ఉంది. పాపం, అది చూసింది చూసినట్టే చెప్పింది. జేబులో ఫోన్ మోగింది. శోభ. ఎత్తడానికి అతనికి ధైర్యం చాలలేదు.

షాపతనికి ఇంకా మింగుడు పడలేదు. “ఊగేది తియ్యాల్నంటె ఎవలన్న దీన్ని కొంటరా? గీ మోడలే తీస్కొమ్మని నీకు ఎవలు చెప్పిండ్రన్నా?”

“జగదీశ్వర్ సారే” అన్నాడు కిషన్.